కైపింగ్ కోట మేడలు: వలస సొమ్ము, స్వగ్రామ వాస్తువు

దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో, పెర్ల్ నది ముఖద్వారానికి పడమరగా ఉన్న ప్రాంతం కైపింగ్. అక్కడి వరిపొలాల నడుమ, వెదురు పొదల వెనుక, అంతస్తు మీద అంతస్తుగా ఇరుకుగా లేచిన మేడలను దియావోలౌలు అంటారు. నేటికి మిగిలినవి 1,833. వాటిలో ఇరవైని, పరిసర గ్రామాలతో సహా, యునెస్కో 2007లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇవి చైనీయ, పాశ్చాత్య వాస్తురీతుల సమ్మేళనమన్న మాట అప్పటి నుండి విరివిగా వినిపిస్తోంది. ఆ మాటలో అసత్యం లేదు. అయితే ఏ రీతి మేడలోని ఏ భాగంలో కనిపిస్తుంది, అక్కడే ఎందుకు కనిపిస్తుంది అన్న ప్రశ్నకు 'సమ్మేళనం' అనే పదం సమాధానం చెప్పదు.

దియావోలౌకు తెలుగులో సమానార్థకం వెతికితే ముందుగా తోచేది 'బురుజు'. కాని తెలంగాణ పల్లెల్లోని బురుజు కాపలాకు ఉద్దేశించినది. అందులో ఎవరూ కాపురముండరు. గడీలో కాపురం ఉంది గాని, అది ఊరిపై దొర అధికారానికి చిహ్నం. దియావోలౌలలో పలు కుటుంబాలు కలిసి కట్టుకొని ఆపదవేళ తలదాచుకొన్నవి కొన్ని, ఒకే కుటుంబం నివసించినవి కొన్ని, కేవలం కాపలాకు నిలిపినవి కొన్ని. అందువల్ల 'కోట మేడ' అనడం కొంత సమంజసం.

ఈ నిర్మాణ సంప్రదాయం పాశ్చాత్య ప్రభావంతో పుట్టినది కాదు. సన్‌మెన్‌లీ గ్రామంలోని యింగ్‌లాంగ్ లౌను మింగ్ వంశ పాలనలో, 16వ శతాబ్దిలో, గ్వాన్ వంశీయులు నిర్మించారు. మూడంతస్తులు, దాదాపు గజం మందపు ఇటుక గోడలు, చిన్న గవాక్షాలు. దానిలో విదేశీ అలంకారం ఒక్కటీ లేదు. బందిపోట్ల భయం, తాన్‌జియాంగ్ నది వరదల భయం దాని పుట్టుకకు కారణాలు. ఆ రెండు భయాలూ తర్వాతి మేడలకూ వారసత్వంగా వచ్చాయి.

మారినది సొమ్ము వచ్చే దారి. 19వ శతాబ్ది మధ్యలో కాలిఫోర్నియా బంగారు గనుల వార్త కైపింగ్‌కు, దాని పొరుగు జిల్లాలకు చేరింది. గనుల్లోను, రైలు మార్గాల పనుల్లోను చేరిన వలసకూలీలు అమెరికాను 'బంగారు కొండ' అని పిలుచుకొన్నారు. 1882లో అమెరికా చైనీయ కూలీల ప్రవేశాన్ని చట్టంతో నిషేధించింది. కెనడా 1923లో తలుపులు దాదాపుగా మూసివేసింది. అక్కడ ఉన్న కూలీ తన భార్యాబిడ్డలను రప్పించుకొనే వీలు లేకపోయింది. సంపాదన అక్కడ, సంసారం ఇక్కడ. పంపిన సొమ్ము ఊళ్ళోకి చేరేకొద్దీ బందిపోట్ల కన్ను ఆ ఊళ్ళ మీదనే పడింది. 1911 విప్లవానంతరం పాలన సడలడంతో ఆ బెడద మరింత పెరిగింది. 1922 డిసెంబరులో చికాన్‌లోని కైపింగ్ మాధ్యమిక పాఠశాలపై దాడి చేసిన ముఠా ప్రధానోపాధ్యాయుని, విద్యార్థులను ఎత్తుకుపోతుండగా, ఒక దియావోలౌ మీది కాంతిదీపం వారి జాడ పట్టించింది. ప్రధానోపాధ్యాయునితో పాటు పదిహేడుగురు విద్యార్థులు విడుదలయ్యారు. ఆ వార్త సముద్రాలు దాటాక కొత్త మేడలకు విరాళాలు పెరిగాయి.

మిగిలిన మేడల్లో 1,474 కాంక్రీటువి. విదేశాల నుండి దిగుమతైన సిమెంటుకు స్థానికులు పెట్టుకొన్న పేరు 'ఎర్రజుట్టు మట్టి'. ఎర్రజుట్టు అంటే పాశ్చాత్యుడు. వస్తువు పరాయిదే, పేరు మాత్రం ఊరిదే. నిర్మాణంలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది.

జిన్‌జియాంగ్‌లీలోని రుయిషీ లౌను చూడవచ్చు. హాంగ్‌కాంగ్‌లో వ్యాపారం చేసిన హువాంగ్ బిషియు దీనిని 1923-25 మధ్య తొమ్మిది అంతస్తులుగా కట్టించాడు. కింది అంతస్తుల్లో నిటారు గోడలు, ఇనుప తలుపులు బిగించిన చిన్న కిటికీలు. పైకి పోయేకొద్దీ కమానులు, స్తంభాలు, మూల గోపురాలు, శిఖరాన గుమ్మటం. శత్రువు చేతికి అందే చోట అలంకారానికి తావు లేదు; అందని ఎత్తులో అది విచ్చుకొంటుంది. ఆ ఎత్తులోనూ అంతా అలంకారమే అనుకోరాదు. అనేక మేడల్లో మూలలకు ముందుకు పొడుచుకొచ్చి, స్థానికంగా 'వానకోవెల గూళ్ళు' అనిపించుకొన్న అరలకు నేలవైపు గురిపెట్టే తుపాకీ రంధ్రాలుంటాయి.

లోపలి అమరిక ఇంకా ముఖ్యమైనది. జిలీ గ్రామంలో ఫాంగ్ రున్‌వెన్ 1925లో కట్టించిన మింగ్‌షీ లౌలో పూర్వీకుల పూజాపీఠం పై అంతస్తులో ఉంది. అంటే బయటినుండి అత్యంత పాశ్చాత్యంగా కనిపించే భాగమే లోపల అత్యంత చైనీయమైన కార్యానికి నెలవైంది. వలసదారు తాను చూసివచ్చిన స్తంభాలను, కమానులను తన తాతముత్తాతల పీఠం చుట్టూ నిలిపాడు. దీనిని అనుకరణ అనడం కంటే నివేదన అనడం సముచితం.

1930ల ఆర్థిక మాంద్యం, ఆపై జపాన్ దాడి ఈ నిర్మాణాలను దాదాపు ఆపివేశాయి. 1945 జులైలో చికాన్ సమీపాన నాన్ లౌ నుండి సితు వంశానికి చెందిన ఏడుగురు యువకులు జపాన్ సేనను రోజుల తరబడి ఎదిరించి ప్రాణాలు కోల్పోయారు. అమెరికా నిషేధ చట్టం 1943లోనే రద్దయింది. యుద్ధం ముగిశాక, 1949 మార్పుల నడుమ, మేడల యజమానులు, వారి కుటుంబాలు అనేకులు హాంగ్‌కాంగ్‌కు, సముద్రాల ఆవలికి తరలిపోయారు. ఏ ఎడబాటు ఈ మేడలను కట్టించిందో అది తీరిన ఇళ్ళకు తాళాలు పడ్డాయి. మింగ్‌షీ లౌలో ఆనాటి సామాను, పై అంతస్తులో పూర్వీకుల పీఠం నేటికీ ఉన్నచోటనే ఉన్నాయి.