అవతారం చాలించడం – అంతర్జాల క్రీడల విషయంలో

మనిషి కన్నుమూస్తే 'అవతారం చాలించాడు' అనడం మన పలుకుబడి. అవతారమంటే దిగిరావడం, చాలించడమంటే ముగించడం. ఈ అవతార శబ్దం 1986లో ఒక విచిత్రమైన చోటికి దిగింది. అమెరికాలో లూకాస్‌ఫిల్మ్ సంస్థ ఆ యేడు 'హాబిటాట్' అనే ఆటను ప్రయోగాత్మకంగా నడిపింది. కమొడోర్ 64 కంప్యూటర్లున్నవారు టెలిఫోను తీగల మీదుగా ఒక ఊహానగరంలో కలుసుకునేవారు. తెరమీద కనిపించే వారి బొమ్మకు రూపకర్తలు పెట్టిన పేరు 'అవతార్'. 1988లో ఆ ప్రయోగం ఆగిపోయింది. అవతారాలన్నీ ఒక్కమారుగా అదృశ్యమయ్యాయి. మరి ఆట మరణించినట్లేనా?

తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నాకు ఈ ఆటలు పరిచయమైనది మా మనుమడి పుణ్యాన. ఆడడం అబ్బలేదు గాని, వాటి చరిత్ర చదివినకొద్దీ 'మరణం' అన్న మాటకు ఇక్కడ అర్థమేమిటో తేల్చుకోవాలనిపించింది. చదరంగానికి చావు లేదు. బల్ల, పావులు ఉంటే ఎవరైనా ఎక్కడైనా ఆడుకోవచ్చు. అంతర్జాల క్రీడ అట్లా కాదు. బొమ్మలు, ధ్వనులు మన కంప్యూటరులో ఉంటాయి. ఎవరు ఎక్కడున్నారు, ఎవరి సంపద ఎంత, ఏ దెబ్బకు ఏ ఫలితం అన్న లెక్క అంతా సంస్థవారి సర్వరులో ఉంటుంది. సగం పుటలు మన ఇంట, తక్కిన సగం ప్రచురణకర్త బీరువాలో ఉన్న గ్రంథం వంటిదన్నమాట. ఆ బీరువాకు తాళం పడితే మన సగం ఉండీ లేనట్లే.

సర్వరు ఆగడమే మరణమందామా? 1996లో వచ్చిన 'మెరిడియన్ 59'ను దాని యజమానులు 2000లో ఆపివేశారు. దానిమీద పనిచేసిన ఇద్దరు హక్కులు కొని, 2002లో తిరిగి నడిపించారు. వారు తమ సంస్థకు పెట్టుకున్న పేరు 'నియర్ డెత్ స్టూడియోస్', అంటే చావు అంచున ఉన్నవారని! 2012లో ఆ ఆట మూలలిపిని లోకానికే ఇచ్చివేశారు.

'సిటీ ఆఫ్ హీరోస్' కథ ఇంకా చిత్రం. 2004 ఏప్రిల్‌లో మొదలైన ఈ ఆటను మూసివేస్తున్నట్లు కొరియా దేశపు ఎన్‌సీసాఫ్ట్ 2012 ఆగస్టు 31న ప్రకటించింది. ఆటగాళ్ళు తమ అవతారాల చేత కాగడాలు పట్టించి, ఆటలోని అట్లాస్ పార్కులో గుమిగూడి నిరసన తెలిపారు. ఫలితం లేకపోయింది, నవంబరు 30న సర్వర్లు ఆగాయి. అయితే కొందరు దానిని ఏళ్ళ తరబడి గుట్టుగా, అనుమతి లేకుండా నడుపుకుంటున్న సంగతి 2019 ఏప్రిల్‌లో బయటపడింది. రహస్యం పొక్కాక మూలలిపి అందరికీ అందింది. 'హోంకమింగ్' అనే అభిమాన బృందం బాహాటంగా సర్వర్లు పెట్టింది. 2024 జనవరిలో ఆ బృందానికి ఎన్‌సీసాఫ్ట్ స్వయంగా అనుమతి ఇచ్చింది. మరణధ్రువపత్రం రాసిన చేయే పునర్జన్మకు సంతకం చేసిందన్నమాట.

దీనికి విలోమమైన ఉదాహరణ 'స్టార్ వార్స్ గేలాక్సీస్'. 2003లో వచ్చిన ఆ ఆట నియమాలను 2005 నవంబరులో సమూలంగా మార్చివేశారు. సర్వర్లు 2011 డిసెంబరు దాకా తిరుగుతూనే ఉన్నా, తాము ప్రేమించిన ఆట 2005లోనే పోయిందని వాపోయినవారు ఎందరో. అభిమానులు తిరిగి నిర్మించడానికి పూనుకున్నది కూడా ఆ మార్పులకు ముందున్న రూపాన్నే. ప్రక్షిప్తాలు మితిమీరితే మూలం మరుగున పడుతుందని ప్రతులను పరిష్కరించేవారికి తెలియనిది కాదు. కాబట్టి సర్వరు తిరగడమే ప్రాణలక్షణం కాదు.

ఈ విచారం కేవలం శబ్దచర్చ కాదనడానికి 'ది క్రూ' సాక్షి. 2014లో యూబిసాఫ్ట్ విడుదల చేసిన ఈ కార్ల పందేల ఆటను ఒంటరిగా ఆడుకునేవారికి సైతం సర్వరుతో సంబంధం తప్పనిసరి. 2024 మార్చి 31న సర్వర్లు ఆపగానే, డబ్బు పెట్టి కొన్న డిస్కులు వట్టి బిళ్ళలయ్యాయి. దానిపై రాస్ స్కాట్ అనే ఆయన 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం లేవదీశాడు. యూరోపులో పౌరుల వినతిపత్రానికి 2025 జూలై నాటికి పదిలక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. ఆటలను ఎల్లకాలం నడపమని వారు కోరలేదు. ఆపేటప్పుడు, కొన్నవారు ఆడుకునే స్థితిలో వదిలిపెట్టమన్నారు. న్యాయమైన కోరిక.

ఇంతకూ హాబిటాట్ ఏమైంది? ఓక్లాండ్ నగరంలోని ఒక మ్యూజియం పూనికతో, నాటి రూపకర్తల తోడ్పాటుతో, దాని మూలలిపి 2016లో బహిరంగమైంది. మరుసటి యేడు ఆ ఊహానగరం మళ్ళీ వెలిగింది. ఊరు తిరిగి వచ్చింది గాని ఆనాటి జనసందడి రాలేదు. సిటీ ఆఫ్ హీరోస్‌కు ఊరూ జనమూ రెండూ దక్కాయి. మొదటిది బతికిన గ్రంథం, రెండవది బతికిన వాడుక. ఈ రెంటికీ భేదముంది.

నాకు తోచినది ఇది. జనం తగ్గడం వార్ధక్యం; సర్వరు ఆగడం నిద్ర. ఆ నిద్ర నుండి లేపగల చిట్టచివరి ప్రతి నశించిన నాడే మరణం. తాళపత్రాన్ని చెదలు తింటే ప్రకృతి దోషమని సరిపెట్టుకోవచ్చు. చక్కగా ఉన్న ప్రతిని చేతులారా తుడిచివేయడాన్ని ఏమనాలో విజ్ఞులైన మిత్రులే చెప్పాలి.