చేతిగడియారము - దాని పుట్టుక, దాని పోషణము

కాలము విలువైనదని చెప్పనివారు లేరు. కాని కాలమును కొలిచెడి పనిముట్టు మన చేతికెట్లు వచ్చినదని విచారించువారు అరుదు. ఆ విచారణమువలన యంత్రమును గూర్చియేకాక మన సంఘమును గూర్చియు కొంత తెలియునని మా తలపు.

ఐరోపాఖండమున చేతిగడియారము మొదట స్త్రీల యాభరణముగా నుండెను. పురుషులు గొలుసుగడియారమును జేబులో నుంచుకొనువారు. 1914 మొదలు 1918 వరకు జరిగిన మహాయుద్ధమున, కందకములలో నిలిచిన సైనికునకు జేబు వెదకికొను తీరిక లేకపోయెను. మణికట్టు చూచుకొనుట సులువయ్యెను. యుద్ధము ముగిసినను పురుషులు దానిని విడువలేదు. ఆడువారి సొమ్మని నవ్విన వస్తువే పౌరుషచిహ్నమయ్యెను. ఇది స్త్రీలది, ఇది పురుషులది యని మనము గీచెడి గీతలు ఎంత పలుచనివో దీనివలన గ్రహింపవచ్చును.

మనకు స్వాతంత్ర్యము వచ్చిన తొలి సంవత్సరములలో మంచి చేతిగడియారమన్నచో స్విట్జర్లాండునుండి రావలసినదే. సామాన్యుని కది అందని పండు. 1953లో బెంగుళూరున స్థాపింపబడిన ప్రభుత్వ యంత్రశాల హిందూస్థాన్ మెషీన్ టూల్స్, అనగా హెచ్.ఎం.టి., ఈ కొరతను తీర్ప పూనుకొనెను. జపాను దేశపు సిటిజన్ కంపెనీ సహాయముతో 1961లో అచ్చట గడియారముల తయారీ మొదలయ్యెను. తొలి గడియారములను ప్రధానమంత్రి నెహ్రూ విడుదల చేసెను. జనత, పైలట్, సోనా, కోహినూర్ మున్నగు పేర్లు క్రమముగా ఇంటింటి మాటలయ్యెను. స్త్రీలకు సుజాత యుండెను. అంధులు వ్రేలితో తడవి వేళ తెలిసికొను గడియారమును గూడ ఆ సంస్థ చేసెను.

ఆ 1961వ సంవత్సరముననే పార్లమెంటు వరకట్న నిషేధ చట్టమును చేసెను. ఒక్క యేడాదిలో వెలువడిన ఈ రెండింటిలో గడియారము మారుమూల పల్లెకును చేరెను, చట్టము చేరలేదు. పెండ్లివేళ ఇచ్చెడి కానుకలు, పెండ్లికి ప్రతిఫలముగా ఇచ్చినవి కానిచో, కట్నము కావని ఆ చట్టమున నాడొక వివరణ ముండెను. 1984లో దానిని తొలగించిరి గాని, అంతలోనే ఆ సందుగుండా చాల సామాను నడచిపోయినది. తెలుగునాట సైకిలు, రేడియోలతోపాటు వాచీయు అల్లునికి పెట్టవలసిన లాంఛనమయ్యెను. వాచీ పెట్టలేదని విడిదిలో అలిగిన వరులను, దానికై అప్పుచేసిన మామలను ఎరుగని యూరు లేదు. "తాతగారి వాచీ" యని నేడు మనము గర్వముతో చూపెడి దానికి వెల చెల్లించినది పలుచోట్ల నాయనమ్మగారి పుట్టినిల్లు. ప్రజల సౌకర్యమునకై పుట్టిన వస్తువు ఆడపిల్ల తండ్రికి భారమైనచో ఆ దోషము వస్తువుది కాదు, మనది.

ఇంతలో కాలము మారెను. 1969 డిసెంబరు 25వ తేదీన జపానులో సైకో కంపెనీ స్ఫటికముతో నడచు చేతిగడియారమును అమ్మకమునకు పెట్టెను. నేటి యట్టి గడియారములలో స్ఫటికము సెకనుకు 32,768 మారులు కంపించును. కీ ఇచ్చు పని లేదు, తప్పును స్వల్పము. మన దేశమున 1984లో ఏర్పడిన టైటాన్ సంస్థ ఈ మార్గమునే పట్టి ముందునకు సాగెను. హెచ్.ఎం.టి. వెనుకబడెను. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గము దాని గడియారముల విభాగమును మూసివేయుటకు సమ్మతించెను. పోయిన పిమ్మట గదా వస్తువు విలువ తెలియును! అభిమానులు జనతను, పైలట్‌ను వెదకి కొనసాగిరి. పాత యంత్రమునకు క్రొత్త రంగుల ముఖము పూసి అమ్మెడివారును బయలుదేరిరి. ముఖము మిలమిలలాడుచు లోపలి చక్రములు తుప్పుపట్టినచో కొనినవారికి లాభమేమి? కొనదలచినవారు వెనుకమూత తెరిపించి చూడవలయును.

ఇక పోషణము. జనత గడియారములో చుట్టుకొనియున్న స్ప్రింగు విప్పుకొనుచు చక్రములను త్రిప్పును. ఆ వేగమును అదుపుచేయు చిన్నచక్రము గంటకు 18,000 మారులు, అనగా దినమునకు 4,32,000 మారులు, కొట్టుకొనును. ఇరుసుల రాపిడి తగ్గించుటకు 17 కెంపురాళ్లును, కంటికి కానరాని చుక్క నూనెయు కలవు. ఆ నూనె ఎండినచో లోహమును లోహమే తినివేయును. కావున నాలుగైదేండ్ల కొకమారు విప్పి కడిగి నూనె వేయింపవలెను. ప్రతిదినము ఉదయము ఒకే వేళకు కీ ఇచ్చి, చేతికి బిగువు తగిలినంతనే ఆపవలెను. నీటికిని, అయస్కాంతము గల స్పీకర్లకును దూరముగా నుంచవలెను. అయస్కాంతము సోకినచో లోపలి సన్నని తీగచుట్టలు అంటుకొని గడియారము పరుగెత్తును.

ఇవన్నియు మనము చేసినను, భూతద్దము కంటికి తగిలించుకొని కూర్చుండు వాచీ రిపేరరు లేనిదే ప్రయోజనము లేదు. ఆ విద్య తండ్రినుండి కొడుకునకు వచ్చినది. ఇప్పుడు కొడుకులు సెల్‌ఫోను బాగుచేయుచున్నారు. అడిగిన కూలికి బేరమాడక యిచ్చుటయే ఆ విద్యను నిలుపు మార్గము.

కదలక మూలపడిన గడియార మింట నున్నవారికి మా మనవి యొక్కటి. దానిని బాగుచేయించి, పరీక్షకు పోవు మనుమరాలి చేతికి కట్టుడు. ఆమె పెండ్లినాడు వరునికి వాచీ ఏదని యెవరైన నడిగినచో, వేళ యెంతయైనదో ఆమెయే చెప్పగలదు.