పడవ ఎవరి మాట వినాలి?

రేడియో కంట్రోల్ పడవలు కట్టే సరదా ఉన్నవాళ్ళు ఇద్దరు కలిస్తే మాటలన్నీ మోటారు మీదే. ఎన్ని వోల్టులు, ఎంత కేవీ, గంటకి ఎన్ని కిలోమీటర్లు? నాదీ అదే పిచ్చి. కానీ చరిత్ర తిరగేస్తే, ఈ ఆటలో వేగం కన్నా చిక్కు ప్రశ్న ఇంకోటుంది. పడవ ఎవరి మాట వినాలి? మన భాషలో ఆథెంటికేషన్ అన్నమాట.

1898లో నికోలా టెస్లా న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, నీళ్ళ తొట్టిలో ఒక ఇనప పడవని తీగ లేకుండా నడిపి చూపించాడు. అదీ ఎలక్ట్రిక్ పడవే. లోపల బ్యాటరీ, ప్రొపెల్లరుకి ఒక మోటారు, చుక్కానికి ఒక మోటారు, రేడియో తరంగం తగిలితే కరెంటు పోనిచ్చే లోహపు పొడి గొట్టం. సిగ్నల్ వచ్చినప్పుడల్లా ఒక చక్రం ఒక్కో మెట్టు తిరిగేది: చుక్కాని ఒకవైపుకి, ఆపు, రెండోవైపుకి, ఆపు. స్టేట్ మెషీనే కదా! ఆ ఏడాది నవంబరు 8న పేటెంటు వచ్చింది, నంబరు 613809.

మరి అదే ఫ్రీక్వెన్సీలో ఇంకెవరైనా సిగ్నల్ పంపితే? పడవ వాళ్ళ మాటా వింటుంది. ఇది ఆయుధమవుతుందని పేటెంటులోనే రాసుకున్న టెస్లాకి ఇది చిన్న విషయం కాదు. 1903లో వచ్చిన రెండు పేటెంట్లలో జవాబు చెప్పాడు: రెండు మూడు వేర్వేరు ఫ్రీక్వెన్సీలు కలిసి వస్తేనే యంత్రం కదలాలి. ట్రాన్సిస్టర్ పుట్టకముందే మన యాండ్ గేటు.

1942లో నటి హెడీ లామార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ ఇంకో దారి పట్టారు. టార్పిడోకి పంపే సిగ్నల్ 88 ఫ్రీక్వెన్సీల మధ్య గెంతుతూ ఉంటే శత్రువు దాన్ని చెడగొట్టలేడు. ఈనాటి రిమోట్లన్నీ ఆవిడ చలవే అని ఫార్వర్డ్ మెయిళ్ళు తిరుగుతుంటాయి. అంత నేరుగా కాదు గానీ, ఆలోచన ఆ కోవదే.

సరదాగా ఆడేవాళ్ళకి మాత్రం ఇవేవీ చాలాకాలం అందలేదు. 27 మెగాహెర్ట్జ్‌లో ఆరు ఛానెళ్ళు, ఛానెల్‌కో క్రిస్టల్, యాంటెన్నాకి రంగు జెండా. చెరువు గట్టున ఒకే రంగు ఇద్దరి దగ్గరుంటే ఒకరు ఆగాల్సిందే. 2000ల మధ్యలో 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వచ్చాక, రిసీవరు తన ట్రాన్స్‌మిటర్ ఐడీని గుర్తుపెట్టుకుని దాని మాటే వినడం మొదలెట్టింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే బ్రష్‌లెస్ మోటార్లు, లిపో బ్యాటరీలు కూడా చేతికందాయి. పాత నికెల్ కాడ్మియం సెల్ 1.2 వోల్టులు, లిపో సెల్ 3.7. నాలుగు లిపో సెల్స్‌కి 2000 కేవీ మోటారు తగిలిస్తే, లోడు లేకుండా నిమిషానికి 29,600 చుట్లు. ప్రొపెల్లరు సగమే నీళ్ళలో ఉండేట్టు, బరువు వెనక నుంచి సుమారు 30 శాతం దూరంలో నిలిచేట్టు సర్దితే, పడవ నీటిని కోసుకుంటూ కాదు, నీటి మీద తేలిపోతూ వెళ్తుంది.

గంటకి 80 కిలోమీటర్లంటే సెకనుకి 22 మీటర్లు. ఒక్క సెకను సిగ్నల్ పోయి థ్రాటిల్ అలాగే ఉండిపోతే, పడవ గట్టున ఆడుకునే పిల్లల దగ్గరకి చేరిపోతుంది. ఐడీ చూసుకోవడం వల్ల పరాయి మాట వినకపోవచ్చు. యజమాని మాటే వినబడనప్పుడు ఏం చెయ్యాలో కూడా దానికి ముందే చెప్పి ఉంచాలి. దాన్నే ఫెయిల్‌సేఫ్ అంటారు.

అందుకే నా లెక్కలో ట్యూనింగ్ అంటే మొదటి పని ప్రొపెల్లరు మార్చడం కాదు. ప్రొపెల్లరు తీసేసి, పడవని బల్ల మీద పెట్టి, మోటారు తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్ ఆపెయ్యడం. మోటారు ఆగిందా, అప్పుడు వేగం గురించి మాట్లాడుకుందాం. ఎర్రర్ హ్యాండ్లింగ్ చివర్లో చూద్దాంలే అనే మన ప్రాజెక్టులకీ ఇది వర్తిస్తుందని నా అభిప్రాయం. మీరేమంటారు?