మూడవ చేయి: సైకిలు మరమ్మతు స్టాండు కథ

సైకిలును ఎవరు కనిపెట్టినారు, ఎవరు పందెములలో గెలిచినారు అన్న సంగతులు గ్రంథములలో దొరుకును. దానిని బాగుచేసినవాడు ఎట్లు కూర్చున్నాడు, అతని నడుము ఎంతసేపు వంగినది అన్న సంగతి మాత్రము ఎవరును అంతగా వ్రాసిపెట్టలేదు. ఆ వంగిన నడుము వైపునుండి సైకిలు చరిత్రను ఒకసారి చూచినచో కొన్ని ముచ్చటలు బయటపడును. ఇంట సైకిలు ఉన్నవారికి అవి పనికివచ్చునవే.

1817వ సంవత్సరము జూను 12వ తేదీన జర్మనీలోని మన్‌హైమ్ నగరము నుండి కార్ల్ ఫాన్ డ్రైస్ అను ఆయన రెండు చక్రముల కొయ్యబండి ఎక్కి బయలుదేరినాడు. దానికి పెడళ్లు లేవు, చైను లేదు. పాదములతో నేలను వెనుకకు తన్నుచు పోవలసినదే. అది చెడిపోయినచో బాగుచేయుటకు వడ్రంగి చాలును. 1860 తరువాతి కాలములో పారిస్‌లో మిషో వారి పనిశాల నుండి ముందు చక్రపు ఇరుసుకే పెడళ్లు అమర్చిన బండ్లు వచ్చినవి. వాటికి కమ్మరి చాలును. అంతవరకు సైకిలు మరమ్మతు అను ప్రత్యేకమైన వృత్తి అంతగా అవసరము కాలేదు.

ఆ అవసరమును తెచ్చినవి రెండు మార్పులు. 1885లో ఇంగ్లండులోని కవెంట్రీ నగరమున జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ అను సైకిలును తయారుచేసినాడు. దాదాపు సమానమైన రెండు చక్రములు, వెనుక చక్రమును త్రిప్పు చైను, ఇవి దాని లక్షణములు. మూడేండ్లకు, 1888లో, బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడుగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి నింపిన టైరును వెలుగులోనికి తెచ్చినాడు. చైనుతో వేగము వచ్చినది, గాలితో సుఖము వచ్చినది. వాటి వెంటనే చైను సాగుటయు, ట్యూబు పంక్చరగుటయు వచ్చినవి. చైను బిగువు చూడవలెనన్నను, రిమ్ము వంకర తీయవలెనన్నను చక్రము నేల విడిచి, ఉన్నచోటనే తిరగవలెను. బండిని ఒక చేత ఎత్తిపట్టి, రెండవ చేత పెడలు త్రిప్పినచో పానా పట్టుటకు మూడవ చేయి కావలెను. స్టాండు కథ అంతయు ఈ మూడవ చేతి కథయే.

ఈ చేయి లేకపోవుట ఎంత కష్టమో 1913లో ఫ్రాన్సు దేశపు పెద్ద సైకిలు పందెములో యూజీన్ క్రిస్తోఫ్ అనుభవించినాడు. పిరనీస్ పర్వతములలో తూర్మలే కనుమ దిగుచుండగా అతని ముందు ఫోర్కు విరిగినది. ఎవరి బండిని వారే బాగుచేసికొనవలెను, ఇతరుల సాయము పొందరాదు అని అప్పటి నిబంధన. సైకిలును భుజమున వేసికొని పది కిలోమీటర్లకు పైగా నడచి, సాంత్‌మరీ ద కాంపాన్ అను గ్రామములోని కమ్మరి కొలిమికి చేరినాడు. పందెపు అధికారులు కన్నార్పక చూచుచుండగా ఫోర్కును తానే అతికినాడు. కాని ఇనుమును పట్టుకొని సుత్తి వేయువాడు తిత్తి కూడ ఎట్లు ఊదగలడు? ఒక బాలుడు తిత్తి ఊదినాడు. ఆ సాయమునకు పది నిమిషముల శిక్ష పడినది. తరువాత దానిని మూడు నిమిషములకు తగ్గించినారు. గంటలకొలది కాలము పోగొట్టుకొనినవానికి ఆ నిమిషములు లెక్కలోనివి కావు. ఒంటరివాని మరమ్మతుకు మూడవ చేయి ఎంత అవసరమో చెప్పుటకు ఇంతకంటె మంచి నిదర్శనము లేదు.

అమెరికాలోని సెయింట్ పాల్ నగరములో 1956లో హోవర్డ్ హాకిన్స్, ఆర్ట్ ఎంగ్‌స్ట్రామ్ అను ఇద్దరు ఒక చిన్న దుకాణమును కొన్నారు. అది రేడియోలను, సైకిళ్లను కూడ బాగుచేయు దుకాణమన్న సంగతి మన పాఠకులకు ఇంపుగా ఉండును. రేడియోను బల్లమీద పెట్టుకొని కన్నులయెదుట విప్పవచ్చును. సైకిలునకు మాత్రము మోకరిల్లవలెను. ఆ వంగుటకు విసిగి, చేతికి దొరికిన పాత సామాను జతచేసి, బండిని రొమ్మెత్తున పట్టియుంచు స్టాండును వారే కట్టుకొన్నారు. 1963 నాటికి అది ష్విన్ సైకిళ్ల వర్తకుల దుకాణములకు చేరినది; పార్క్ టూల్ అను పనిముట్ల సంస్థ అట్లు పుట్టినది.

మన దేశములో 1949లో మద్రాసున టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సంస్థలు వెలసినవి. సైకిళ్లు ఊరూర పెరిగినవి. కాని వేపచెట్టు నీడన నీళ్లతొట్టి ముందు గొంతుక కూర్చున్న మన సైకిలు షాపువానికి మూడవ చేయి చాలకాలము కొమ్మకు కట్టిన త్రాడే అయినది. అదియు లేనిచోట బండిని తలక్రిందులుగా, సీటుమీదను హ్యాండిలుమీదను నిలుపుటయే పద్ధతి. పంక్చరుకు అది చాలును. అన్ని పనులకు చాలదని నాకు అనుభవముచేత తెలిసినది.

మా నాన్నగారి పాత సైకిలునకు కమ్మీల బ్రేకులు. ఒక ఆదివారము దానిని తిరగవేసి ముందు బ్రేకును సరిచేసినాను. బ్రేకు దిమ్మలు రిమ్మునకు దగ్గరగా, చక్కగా కనబడినవి. మరునాడు మా అమ్మాయి దానిపై వీధి వాలున దిగుచు బ్రేకు నొక్కినది, పట్టలేదు. ఇసుకకుప్ప అడ్డము రాబట్టి మోచేయి గీరుకొనుటతో పోయినది. తప్పు నాదే. స్ప్రింగు అలిసిన బ్రేకులో, బండి తలక్రిందులైనప్పుడు కమ్మీల బరువుకే దిమ్మలు రిమ్మువైపు జారి దగ్గరగా కనబడును. నిలబెట్టగానే క్రిందికి జారి దూరమగును. బండి ఎట్లు నడచునో అట్లు నిలబెట్టియే బ్రేకును చూడవలెను. ఆ సాయంకాలమే స్టాండు కొనవలెనని నిశ్చయించుకొన్నాను.

ఇంటికి స్టాండు ఎంచుకొనువారు గమనింపవలసినవి కొన్ని. సైకిలును బిగించి పట్టు దవడ ఉన్న స్టాండు అన్ని పనులకు అనువు. అయితే దవడకు రబ్బరు తొడుగు ఉండవలెను. పట్టు సీటు క్రింది గొట్టము మీదనే పడవలెను. పలుచని అల్యూమినియము, కార్బను ఫ్రేముల గొట్టములు దవడ ఒత్తిడికి నొక్కుకొనిపోవును. సీటు గొట్టము కూడ కార్బనుదైనచో, ఒక చక్రము తీసి ఇరుసు తావునను, పెడళ్ల ఇరుసు క్రిందను పట్టు స్టాండు మేలు. మన పాత మోటు సైకిలు ఇంచుమించు ఇరువది కిలోలు తూగును; విద్యుత్తు సైకిలు అంతకు మించవచ్చును. కావున ఎంత బరువునకు తగినదో ముందు అడుగవలెను. కాళ్లు ఎంత విశాలముగా పరచుకొన్నవో చూడవలెను. బిగిసిన మరను పానాతో విప్పునప్పుడు పడు ఒత్తిడికి ఇరుకు కాళ్ల స్టాండు ఒరిగిపోవును. ఎత్తు మార్చుకొను వీలు ఉండవలెను. పని కన్నుల దగ్గరకు రావలెనే గాని కన్నులు పని దగ్గరకు వంగరాదు. వెనుక ఇరుసునకు తగిలించి చక్రమును మాత్రము ఎత్తు చిన్న స్టాండు వెల తక్కువ. చైను తుడిచి నూనె వేయువారికి అది చాలును. అదియు వద్దనుకొన్నవారు గట్టి దూలమునకు రెండు త్రాళ్లు కట్టి, ఒకటి సీటు క్రింద, ఒకటి హ్యాండిలు క్రింద తగిలించుకొనవచ్చును.

నాన్నగారి సైకిలు ఇప్పుడు మా వసారాలో రొమ్మెత్తున, నిలువుగా ఉండి మరమ్మతు పొందుచున్నది. పని ముగిసిన పిమ్మట మా అమ్మాయి వచ్చి ముందు చక్రమును గట్టిగా త్రిప్పి, తానే బ్రేకు నొక్కి చూచుకొనును. చక్రము నిలిచినగాని దానిని క్రిందికి దింపనీయదు.