పది ఎప్పుడూ పదేనా?

మా అమ్మమ్మ పాల లెక్క వంటింటి గోడమీద బొగ్గుతో రాసేది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి దేశమంతా నూరు లెక్కకి మారిపోయినా, ఆవిడ రూపాయికి మాత్రం పదహారణాలే. ఒకసారి గోడమీద "1-4" అని ఉంటే, కొత్తగా కాపురానికొచ్చిన మా అత్తయ్య పాలవాడి చేతిలో రూపాయి నాలుగు పైసలు పెట్టి పంపించేసిందట. "నేను సరిగ్గానే రాశానే!" అని ఆవిడా, "మీరు రాసినట్టే చదివానండీ" అని ఈవిడా. చిత్రమేమిటంటే ఇద్దరిదీ నిజమే!

ఈ పాత ముచ్చట మొన్న రాత్రి గుర్తొచ్చింది. మా అమ్మాయి ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతోంది. పిల్లల బరువునిబట్టి మందు మోతాదు చెప్పే ప్రోగ్రాం ఒకటి రాసి, మూడు రాత్రులుగా కంప్యూటరు ముందు తల పట్టుకు కూర్చుంది. వంద సరిగ్గానే వస్తోంది, యాభై మాత్రం నలభై అవుతోంది!

చివరికి డిబగ్గర్‌ని ఆశ్రయించింది. అంటే, నడుస్తున్న ప్రోగ్రాంని మధ్యలో ఆపి, లోపల ఏ గదిలో ఏ అంకె ఉందో అడిగి తెలుసుకునే సాధనమన్నమాట. మనంకూడా దానికో అంకె ఇచ్చి, దీన్ని నువ్వేమని చదువుతావని అడగొచ్చు. అమ్మాయి 050 అని ఇచ్చింది. అది తొణక్కుండా 40 అని జవాబు చెప్పింది.

వరస చక్కగా ఉంటుందని 100 కింద 050, 025 అని మూడేసి అంకెలు వేసిందిట పిచ్చిపిల్ల. ఆ సి భాషలో ముందు సున్నా ఉంటే అది ఎనిమిదుల లెక్క. 050 అంటే ఐదు ఎనిమిదులు, నలభై. 025 అంటే ఇరవై ఒకటి. ఇది కాలేజీ లెక్క కనక సరిపోయింది. నిజంగా జ్వరంతో ఉన్న పసివాడి మందైతే?

ఎనిమిదుల లెక్క ఎవరు తెచ్చిపెట్టారమ్మా అని కూపీ లాగితే పెద్ద కథే ఉంది.

1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డ్ మార్క్ 2 యంత్రంలో ఒక చిమ్మట దూరి చచ్చింది. పనిచేసేవాళ్లు దాన్ని తీసి పుస్తకంలో టేపుతో అంటించారు. ఆ బృందంలో ఉన్న గ్రేస్ హాపర్ అనే ఆవిడ ఈ కథని ఊరూరా చెప్పి ప్రసిద్ధం చేసింది. యంత్రాల్లో తప్పుని "పురుగు" అనడం అంతకుముందే ఉన్నా, నిజం పురుగు దొరికింది అక్కడే. 1949లో కేంబ్రిడ్జిలో ఎడ్‌శాక్ యంత్రం పని మొదలుపెట్టింది. దాన్ని కట్టిన మారిస్ విల్క్స్‌కి ఒకనాడు మెట్లమీద నిలబడి ఉండగా, ఇక తన బతుకులో చాలా భాగం సొంత తప్పులు వెతుక్కోవడంలోనే గడిచిపోతుందని తోచిందట. సంసారం చేసేవాళ్లకి ఈ జ్ఞానోదయానికి మెట్లెక్కనక్కర్లేదు లెండి!

పురుగులున్నచోట మందూ ఉండాలిగా? 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో పీడీపీ-1 అనే యంత్రానికి చేసిన డిబగ్గర్ పేరేమిటో తెలుసా? డి.డి.టి.! మన ఇళ్లలో బొద్దింకలకి చల్లిన పొడి పేరే. ఆ యంత్రం ఒక్కో మాటా 18 సున్నాలూ ఒకట్లూ. అన్నీ చదవడం మనిషి తరం కాదు కనక మూడేసి చొప్పున విడదీసి, మూడింటికీ కలిపి ఒక అంకె రాసుకునేవారు. అది సున్నానించి ఏడుదాకానే ఉంటుంది. అదే ఎనిమిదుల లెక్క. 1964లో ఐ.బి.ఎం. వారి 360 యంత్రాలు ఎనిమిదేసి చొప్పున కట్టలు కట్టాయి. అప్పుడు నాలుగేసి విడదీయడం సుఖమైంది. దాంతో పదహారు లెక్క, మా అమ్మమ్మ అణాల లెక్కే, రాజ్యానికొచ్చింది! తొమ్మిది తర్వాత ఏ, బి, సి అంటూ ఎఫ్ దాకా అంకెలే.

మరి ఏ అంకె ఏ లెక్కదో తెలిసేదెలా? 1970ల్లో సి భాష చేసినవాళ్లు ముందు సున్నా ఉంటే ఎనిమిదులూ, సున్నా పక్కన ఎక్స్ ఉంటే పదహార్లూ అన్నారు. ఆ దశాబ్దం చివర్లోనే స్విట్జర్లాండులో నిక్లాస్ విర్త్ మాడ్యులా-2 భాషకి అంకె చివర అక్షరం తగిలించాడు. ఉత్త 101 అంటే నూటొకటే. 101బి అంటే 65, 101హెచ్ అంటే 257. అదే 101సి అంటే అంకే కాదు, ఇంగ్లీషులో మొదటి అక్షరం! ఒక్క తోకతో ఎంత తేడానో చూడండి.

1986లో రిచర్డ్ స్టాల్మన్ రాసిన జి.డి.బి. డిబగ్గర్ ఇందరి మధ్యా కాపురం చేయాల్సొచ్చింది. ఏ భాష ప్రోగ్రాం ముందు పెడితే ఆ భాష మర్యాదలోనే అంకె చదువుతుందది. అందులో ఇంకో తమాషా ఉంది. నేనిచ్చే అంకెలన్నీ పదహార్లలో చదువుకో అని దానికి చెప్పొచ్చు. తర్వాత మనసు మారి, పాత లెక్కకి రమ్మని 10 అని కొడితే రాదు. పదహార్ల లెక్కలో 10 అంటే పదహారేగా! ఉన్నచోటే ఉంటుంది. బయటికి రావాలంటే 10 పక్కన చుక్క పెట్టాలి. చుక్కుంటే మామూలు పది అని దానికి గుర్తు.

ముందు సున్నాతో అందరూ మోసపోతున్నారని పైథాన్ భాషవాళ్లు 2008లో వచ్చిన మూడో రకంలో 050 అని రాస్తే తప్పని నిలదీసేలా చేశారు. పెద్దమనిషి పని. అర్థం కాకపోతే అడగాలి గాని, తనకి తోచింది అనుకుని ముందుకి పోకూడదు.

అమ్మాయి రెండు సున్నాలూ తుడిచేసింది. 50, 25. లెక్క సరిపోయింది. వరస మాత్రం వంకర పోయింది. "పోనీవే, మందు సరిగ్గా ఉందిగా" అన్నాను.

మా అమ్మమ్మ కూడా ఆ నాలుగు పక్కన "అ" అని ఒక్క అక్షరం రాసుంటే, మా అత్తయ్యకి కాపురానికొచ్చిన కొత్తల్లోనే ఆ మాట పడేది కాదు.