విస్తరాకు కాపాడిన అడవి

విస్తరాకు అంటే మనకు అడ్డాకో, మోదుగాకో, బాదమాకో. బెంగాలువాళ్ళకు మాత్రం సాలాకు. సాలచెట్టంటే మరేదో కాదు, మన గుగ్గిలం చెట్టే! మనం ఇంట్లో పొగవేసే గుగ్గిలం దాని బంకే. ఆ చెట్టుకో గుణం ఉంది. నరికేసినా మోడు బతికుంటే చాలు, మళ్ళీ పిలకలు వేస్తుంది. కాకపోతే ఆ పిలకల్ని కొన్నేళ్ళు ఎవరూ ముట్టుకోకూడదు.

మిడ్నపూరు జిల్లా ఆరాబారి అడవిలో సరిగ్గా అదే జరగలేదు. 1970 నాటికి అక్కడ మిగిలినవి చాలావరకు మోళ్ళూ పొదలూను. పుల్లలు విరిచి అమ్ముకుంటేగాని ఆ పల్లెల్లో పొయ్యి వెలగదు. 1878లో తెల్లదొరలు చేసి, 1927లో తిరగరాసిన అడవి చట్టం లెక్కలో అది దొంగతనం. దొరికితే జరిమానా. ఆ జరిమానా కట్టాలంటే మళ్ళీ పుల్లలే కొట్టాలి!

అజిత్ కుమార్ బెనర్జీ అనే అటవీ అధికారి అక్కడ పరిశోధనకోసం మొక్కలు పెంచబోతే పశువులు మేసేసేవి. మరొకరైతే ఇంకో నలుగురు గార్డుల్ని పంపమని రాసేవారు. ఈయన పల్లెలకు వెళ్ళి కూర్చుని మాట్లాడారు. 1972 ప్రాంతంలో ఒప్పందం కుదిరింది. 1,272 హెక్టార్ల అడవికి 11 పల్లెల్లోని 618 కుటుంబాలు కాపలా కాయాలి. మొక్కలు నాటే పని, కూలి వాళ్ళకే. ఎండుపుల్లలు, ఆకులు, పుట్టగొడుగులు ఊరికే తీసుకోవచ్చు. కలప అమ్మిన డబ్బులో నాలుగోవంతు వాళ్ళది.

ఆ నాలుగోవంతుకు సర్కారు ఆమోదముద్ర పడింది ఎప్పుడనుకున్నారు? 1987లో! వట్టి మాటమీద పదిహేనేళ్ళు జనం ఎలా ఆగారంటారు? నన్నడిగితే, ఆకు ఆపింది. కలప డబ్బు ఎన్నేళ్ళకో ఒకసారి. ఆకో? కోసి, ఆరబెట్టి, పుల్లలు గుచ్చి విస్తళ్ళు కుడితే సంతనాటికి చేతిలో నాలుగు రూపాయలు. వానలు పడితే చెట్లకింద పుట్టగొడుగులు. ఇవన్నీ ఆడవాళ్ళ పనులే. ఆ చిల్లరా వాళ్ళ కొంగుముడిలోదే. చెట్టు పడిపోతే ఆకుండదని వాళ్ళకు ఒకరు చెప్పాలా?

మోళ్ళు అడవయ్యాయి. ఈ పద్ధతి చూసే 1990 జూన్‌లో కేంద్రం అన్ని రాష్ట్రాలకూ రాసింది, అడవుల పెంపకంలో పల్లెల్ని భాగస్వాముల్ని చెయ్యమని. బెంగాలులో మొదట ఇంటికో పేరు చాలన్నారు. అది ఎవరి పేరై ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు! భార్య పేరూ చేర్చాలని తరవాత సవరించుకున్నారు. 1992లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వన సంరక్షణ సమితులు పెట్టినప్పుడు మాత్రం ఇంటికి ఇద్దరు సభ్యులనీ, అందులో ఒకరు ఆడమనిషి కావాలనీ మొదటే రాసుకున్నారు.