బర్మా టేకు, సయాము టేకు

మన కోస్తా జిల్లాలలోని పాత యిండ్ల సింహద్వారమును చూపి "ఇది బర్మా టేకు" అని పెద్దలు చెప్పుట వినియుందురు. ఆ దుంగ రంగూనులోనో మోల్మేనులోనో ఓడ యెక్కియుండవచ్చును. అది బర్మా నేలలోనే పెరిగినదా యనునది వేరొక ప్రశ్న. ఈ రెండు దేశముల కలప వ్యాపారపు విలువలను ఏండ్ల తరబడి పోల్చదలచినవారు మొదట దీనికే సమాధానము వెదకవలెను.

వ్యాపారపు లెక్కలలో గట్టికలప యనగా వెడల్పాకుల చెట్ల కలప. (గోరు దిగునంత మెత్తనైన బల్సా కూడ ఈ తరగతిలోనిదే!) బర్మాకును, సయామునకును ఇందులో పేరు తెచ్చినది ముఖ్యముగా టేకు. సయామునే 1939లో థాయిలాండు అని మార్చిరి.

పచ్చి టేకు నీట సరిగా తేలదు. కనుక చెట్టు మొదట బెరడును, దాని లోపలి లేతకలపను చుట్టును నరికి, రెండు మూడేండ్లు నిలువునా ఎండనిచ్చి, పిమ్మట పడగొట్టెడివారు. ఏనుగులు దుంగలను వాగులలోనికి ఈడ్చెడివి. వానకాలపు వరద వానిని నదికి చేర్చెడిది. ఉత్తర సయాము దుంగలు చాలవరకు చావ్‌ఫ్రయా నదిమీదుగా బాంకాకు చేరెడివి. కాని ఆ దేశపు పడమటి కొండల నీరు సాల్వీను నదిలో కలియును. సాల్వీను సముద్రమును చేరునది మోల్మేను వద్ద. 1826 నుండి ఆ రేవు ఆంగ్లేయుల చేతిలో నుండెను. కాబట్టి సయాము అడవిలో కూలిన టేకు కొంత మోల్మేను రేవున బర్మా ఎగుమతియై పోయెను.

దుంగల లెక్క ఒక యుద్ధమునకే సాకైనది. ఎగువ బర్మా 1885 వరకు థీబా రాజుది. అచటి అడవులను కౌలుకు తీసికొన్న బొంబాయి బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్, నరికినవానికన్న తక్కువ దుంగలు చూపినదని రాజసభ ఆ యేట సుమారు 23 లక్షల రూపాయల జరిమానా విధించెను. కంపెనీ ఒప్పుకొనలేదు. ఆంగ్లేయుల అసలు బెంగ ఫ్రెంచివారి పలుకుబడిని గూర్చియే యని నాకు తోచును. ఏమైనను 1886 జనవరి 1న ఆ రాజ్యము ఆంగ్ల సామ్రాజ్యములో కలిసెను. అంతవరకు పొరుగుదేశపు సరుకైన టేకు ఒక్కనాటితో స్వదేశపు సరుకైనది. చెట్టు మాత్రము కదలలేదు.

ఇక నాణెముల చిక్కు. రూపాయి, సయాము తికల్ రెండును వెండివి. వెండి ధర పడిపోగా, 1870 ప్రాంతమున దాదాపు 24 పెన్నీలున్న రూపాయి 1894-95లో 13 పెన్నీలకు దిగెను. 100 రూపాయల దుంగ విలువ 10 పౌనుల నుండి సుమారు 5½ పౌనులకు తగ్గెనన్నమాట. దుంగలో ఒక్క అంగుళమైనను తరుగలేదు. ఇండియా టంకశాలలు 1893లోనే ప్రజల వెండిని ముద్రించుట మానెను. సయాము 1902 వరకు మానలేదు. ఈ నడిమి యేండ్లలో రూపాయి 16 పెన్నీల వద్ద నిలదొక్కుకొనగా, తికల్ వెండితోపాటు ఊగులాడెను. టన్నుల లెక్కను ప్రక్కన ఉంచుకొననిదే ఈ కాలపు విలువలను పోల్చుట వ్యర్థము.

ఒక శతాబ్దమునకు ప్రవాహము ఎదురు తిరిగెను. 1988 నవంబరులో దక్షిణ థాయిలాండున వరదలో కొట్టివచ్చిన దుంగలు, బురద గ్రామములపై పడి వందలమంది మరణించిరి. 1989 జనవరిలో ప్రభుత్వము సహజారణ్యములలో వ్యాపారపు నరకుడును నిషేధించెను. మిల్లులు ఊరకుండునా? థాయి కంపెనీలు సరిహద్దుకు ఆవల బర్మా అడవులలో నరుకుటకు హక్కులు సంపాదించెను. అచటి దుంగ ఇవతల కుర్చీగా మారిన పిమ్మట థాయి ఎగుమతి యగును.

1989లో మయన్మార్ అని పేరు మార్చుకొన్న బర్మా, 2014 ఏప్రిల్ 1 నుండి దుంగల ఎగుమతిని ఆపినది. కోసిన కలపను ఆపలేదు. పట్టికలో ఆ యేట దుంగల గడి క్రుంగియుండుట చూచి అడవియే తరిగినదనుకొనరాదు. ప్రక్కనున్న కోతకలప గడిని, పొరుగుదేశపు దిగుమతి లెక్కను కూడ చూడవలెను.